ఒక్క ఓటుతో కూలేది, కూలనిది: పార్లమెంటరీ, అధ్యక్ష పాలనా విధానాలు

ప్రభుత్వాన్ని నడిపే మనిషిని గడువు తీరకముందే ఎవరు దించగలరు? ఏ కారణం చూపి దించగలరు? అందుకు ఎన్ని ఓట్లు కావాలి? పార్లమెంటరీ విధానానికీ అధ్యక్ష విధానానికీ ఉన్న తేడా చాలావరకు ఈ మూడు ప్రశ్నల్లోనే ఉంది. పార్లమెంటరీ విధానంలో ప్రధానమంత్రిని దిగువసభ దించగలదు. ఆయన తప్పు చేశాడని రుజువు చేయనక్కర్లేదు, సభకు నమ్మకం పోతే చాలు. ఓటేసినవాళ్లలో ఒక్కరు ఎక్కువ ఉన్నా చాలు. అధ్యక్ష విధానంలో పాలకుణ్ని జనం ఇన్నేళ్లకని లెక్కగట్టి ఎన్నుకుంటారు. ఆ గడువు లోపల చట్టసభకు ఆయన నచ్చకపోయినా చేయగలిగింది లేదు. నేరమో, రాజ్యాంగ ఉల్లంఘనో చూపాలి, అప్పుడైనా మామూలు మెజారిటీ సరిపోదు. దేశాధినేత, ప్రభుత్వాధినేత ఒకరేనా ఇద్దరా, మంత్రులు సభలో కూర్చుంటారా లేదా అని పరీక్ష పేపర్లలో రెండు నిలువు గడులు గీసి రాసే మిగతా తేడాలు చాలావరకు ఈ మూలం నుంచి పుట్టినవే.

నాలుగు ఓటింగులను పక్కపక్కన పెట్టి చూస్తే సంగతి తేటపడుతుంది. 1868లో అమెరికా సెనేట్ అధ్యక్షుడు ఆండ్రూ జాన్సన్ మీద అభిశంసన విచారణ జరిపింది. దోషి అన్నవాళ్లు 35 మంది, కాదన్నవాళ్లు 19 మంది. మూడింట రెండు వంతులకు 36 ఓట్లు కావాలి. ఒక్కటి తగ్గింది, జాన్సన్ గడువు తీరేదాకా పదవిలోనే ఉన్నాడు. 1954 నవంబరులో, కర్నూలు రాజధానిగా ఏర్పడి ఏడాది దాటిన ఆంధ్ర రాష్ట్రంలో, మద్యనిషేధం మీద రేగిన వివాదంలో టంగుటూరి ప్రకాశం మంత్రివర్గం మీద అవిశ్వాస తీర్మానం వచ్చింది. ఒక్క ఓటు తేడాతో ప్రభుత్వం పడిపోయింది. 1979 మార్చి 28న లండన్‌లో జేమ్స్ కాలహన్ ప్రభుత్వం 310–311 ఓట్లతో ఓడింది. 1999 ఏప్రిల్ 17న ఢిల్లీలో అటల్ బిహారీ వాజపేయి ప్రభుత్వం 269–270తో ఓడింది. సభలో దాదాపు సగం మంది వెనక నిలిచినా కాలహన్, వాజపేయి పదవి పోగొట్టుకున్నారు. మూడింట రెండు వంతుల మంది దాకా వద్దన్నా జాన్సన్ నిలిచాడు. ఏ విధానంలో ఒక్క ఓటు బరువెంతో ఈ అంకెలే చెబుతాయి.

ఈ రెండు విధానాలకూ పుట్టిల్లు ఇంగ్లండే. అక్కడ రాజు పదవి నిలిచే ఉంది, ఆయన చేతిలోని అధికారం మాత్రం కొంచెం కొంచెంగా మంత్రుల చేతికి జారింది. 1721 నుంచి ప్రభుత్వాన్ని నడిపిన రాబర్ట్ వాల్పోల్‌ను మొదటి ప్రధానమంత్రిగా లెక్కిస్తారు. 1742లో కామన్స్ సభలో బలం తగ్గగానే ఆయన తప్పుకోవడంతో, సభ మద్దతు లేనివాడు పదవిలో ఉండకూడదన్న ఆనవాయితీకి పునాది పడింది. అదంతా వాడుకలో స్థిరపడింది తప్ప ఎవరూ కూర్చుని రాసింది కాదు. అమెరికాలో జరిగింది వేరు. 1787లో ఫిలడెల్ఫియాలో సమావేశమైన ప్రతినిధులు కాగితం మీద కొత్త వ్యవస్థను గీశారు. శాసన, కార్యనిర్వాహక, న్యాయ అధికారాలు ఒకే చేతిలో ఉంటే స్వేచ్ఛ దక్కదని ఫ్రెంచి రచయిత మాంటెస్క్యూ 1748లో ఇంగ్లండును చూపిస్తూ రాసిన మాట వాళ్ల మనసులో ఉంది. ఆయన చూపించిన ఇంగ్లండు అప్పటికే మారిపోతోంది. మంత్రులు సభలోంచే వస్తూ, సభకే జవాబు చెబుతూ, విడివిడిగా ఉండాల్సిన రెండు అధికారాలను కలిపేస్తున్నారు. అమెరికన్లు మాత్రం వేర్పాటునే నమ్మారు. వారసత్వం తీసేసి, నాలుగేళ్ల గడువు పెట్టి, ఎన్నికతో వచ్చే రాజులాంటి పదవిని సృష్టించారు. అమెరికా అధ్యక్షుడి చేతిలోని వీటో, సైన్యాధిపత్యం, క్షమాభిక్ష అధికారం రాజరికాన్ని గుర్తుకు తెచ్చేది అందుకే.

భారత రాజ్యాంగం మొదటి దారి పట్టింది. 53వ అధికరణం కార్యనిర్వాహక అధికారాన్ని రాష్ట్రపతి పేర పెట్టింది. 74వ అధికరణం ఆయన మంత్రిమండలి సలహాతో నడవాలంది. 75వ అధికరణం మంత్రిమండలి లోక్‌సభకు సమష్టి బాధ్యత వహించాలంది. సలహాకు రాష్ట్రపతి కట్టుబడాల్సిందేనా అన్న అనుమానాన్ని 1974లో షంషేర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు తీర్చింది. 1976 నాటి 42వ సవరణ ఆ మాటను రాజ్యాంగంలోనే రాసింది. ఒకసారి వెనక్కి పంపి మళ్లీ ఆలోచించమనే వీలును 44వ సవరణ కల్పించింది. సమష్టి బాధ్యత అంటే మంత్రివర్గం మొత్తం ఒకే పడవలో ఉన్నట్టు. ఒక నిర్ణయం నచ్చని మంత్రి లోపల వాదించవచ్చు. బయటికొచ్చాక దాన్ని సమర్థించాలి, లేదంటే రాజీనామా చేయాలి. అమెరికాలో కార్యదర్శులని పిలిచే మంత్రులకు ఈ బంధం లేదు. వాళ్లు అధ్యక్షుడి మనుషులు, ఆయన పొమ్మంటే పోతారు.

మంత్రులు ఎక్కణ్నుంచి రావాలన్న దానిమీద రెండు రాజ్యాంగాలూ ఎదురెదురు నియమాలు పెట్టాయి. భారతదేశంలో సభ్యుడు కానివాడు మంత్రి కావచ్చు గానీ ఆరు నెలల్లో పార్లమెంటులో అడుగుపెట్టాలి. పి.వి. నరసింహారావు ఉదంతం ఇందుకు చక్కని సాక్ష్యం. 1991 లోక్‌సభ ఎన్నికల్లో ఆయన పోటీయే చేయలేదు. జూన్ 21న ప్రధానిగా ప్రమాణం చేశాడు, గడువు లోపలే నవంబరులో నంద్యాల ఉప ఎన్నికలో 5 లక్షలకు పైగా ఆధిక్యంతో గెలిచి లోక్‌సభకు వచ్చాడు. అమెరికాలో దీనికి పూర్తిగా తలకిందులు. కాంగ్రెస్ సభ్యుడు ప్రభుత్వ పదవిలో ఉండటానికే వీల్లేదు. 2009లో హిల్లరీ క్లింటన్ విదేశాంగ మంత్రి పదవి చేపట్టాలంటే సెనేట్ సభ్యత్వం వదులుకోవాల్సి వచ్చింది. దీనివల్ల అమెరికా అధ్యక్షుడు ఎన్నికల్లో గెలవనక్కర్లేని నిపుణుల్ని స్వేచ్ఛగా తెచ్చుకోగలడు, కాకపోతే వాళ్లను సెనేట్ ఆమోదించాలి. పార్లమెంటరీ విధానంలో ఎంపిక సభ్యులకే పరిమితం, ఎగువసభ దారి ఉండనే ఉంది. ఆర్థికవేత్త మన్మోహన్ సింగ్ 1991లో మంత్రి అయ్యి, అదే ఏడాది రాజ్యసభకు వచ్చింది ఆ దారినే.

భారతదేశం ఈ ఎంపిక ఎందుకు చేసుకుందో 1948 నవంబరు 4న ముసాయిదా రాజ్యాంగాన్ని రాజ్యాంగ సభ ముందు పెడుతూ బి.ఆర్. అంబేద్కర్ విప్పి చెప్పాడు. ప్రజాస్వామ్య ప్రభుత్వానికి స్థిరత్వమూ కావాలి, జవాబుదారీతనమూ కావాలి, రెండింటినీ సమపాళ్లలో ఇచ్చే విధానం ఇంతవరకు ఎవరికీ దొరకలేదన్నది ఆయన వాదన సారం. అమెరికా పద్ధతిలో ప్రభుత్వాన్ని తూచడం గడువుకొకసారి మాత్రమే. బ్రిటిష్ పద్ధతిలో ఆ తూకం రోజూ ఉంటుంది, ఎన్నికల్లోనూ ఉంటుంది. రోజువారీ తూకం సభ్యుల చేతిలో ఉండగా ఎన్నికల తూకం ఓటర్ల చేతిలో ఉంటుంది. స్థిరత్వం కాస్త తగ్గినా జవాబుదారీతనమే మిన్న అని ముసాయిదా తేల్చుకుంది. ఈ పోలిక మీద ఇప్పటిదాకా వచ్చిన వాదనలన్నీ ఏదో ఒక దారిలో ఈ ప్రసంగం దగ్గరికే వచ్చి చేరతాయి. ఇంత సూటిగా చెప్పిన మాట మరొకటి అరుదు.

రోజువారీ తూకం ఎలా ఉంటుందో లోక్‌సభలో ఉదయం 11 గంటలకు మొదలయ్యే ప్రశ్నోత్తరాల సమయంలో చూడవచ్చు. సభ్యుడు కనీసం 15 రోజుల ముందు ప్రశ్న పంపుతాడు. చీటీ తీసి ఎంపిక చేసినవాటిలో రోజుకు 20 ప్రశ్నలకు మంత్రి నోటిమాటగా జవాబివ్వాలి. రాసుకొచ్చిన జవాబు ఎలాగూ ఉంటుంది. అసలు పరీక్ష ఆ తర్వాత వచ్చే అనుబంధ ప్రశ్నల్లో ఉంటుంది, వాటికి శాఖను ఆకళింపు చేసుకున్న మంత్రి మాత్రమే తడబడకుండా నిలబడగలడు. ఓడిపోతుందని అందరికీ తెలిసిన అవిశ్వాస తీర్మానం కూడా ఈ తూకంలో భాగమే. 1963 ఆగస్టులో నెహ్రూ ప్రభుత్వం మీద జె.బి. కృపలానీ పెట్టిన తొలి తీర్మానం 62–347తో వీగిపోయింది, అయినా చైనా యుద్ధ పరాభవం మీద ప్రభుత్వం సభలో నిలబడి సమాధానం చెప్పుకోక తప్పలేదు. 2018 జులై 20న విభజన హామీలు, ప్రత్యేక హోదా మీద తెలుగుదేశం పెట్టిన తీర్మానమూ 126–325తో ఓడింది. ఓడినా, ఒక రాష్ట్రం గోడు ఆ రోజంతా దేశం ముందు నడిచింది, ప్రధాని స్వయంగా జవాబివ్వాల్సి వచ్చింది. అమెరికా అధ్యక్షుణ్ని అలా నిలబెట్టి అడిగే వేదిక అక్కడ లేదు. ఆయన ఏడాదికోసారి ఉభయసభల ముందుకొచ్చి ప్రసంగించి వెళ్తాడు.

అయితే అమెరికా చట్టసభ బలహీనమని దీన్నిబట్టి అనుకోకూడదు. పార్లమెంటరీ విధానంలో చట్టసభే సార్వభౌమం, అధ్యక్ష విధానంలో కార్యనిర్వాహకుడిదే పైచేయి అని పాఠ్యపుస్తకాల్లో కనిపించే వాక్యం ఆచరణలో తలకిందులవుతూ ఉంటుంది. అమెరికా కాంగ్రెస్ కమిటీలు అధికారుల్ని, కార్యదర్శుల్ని పిలిపించి ప్రమాణం చేయించి ప్రశ్నిస్తాయి. బడ్జెట్‌ను అంకె అంకె తిరగరాస్తాయి. అధ్యక్షుడి సొంత పార్టీ సభ్యులే ఆయన బిల్లుకు ఎదురుతిరిగి ఓటేసినా ప్రభుత్వం పడిపోదు, అందుకే వాళ్లకా స్వేచ్ఛ దక్కింది. పార్లమెంటరీ విధానంలో అధికార పక్ష సభ్యుడు ఎదురు ఓటేస్తే తన ప్రభుత్వాన్నే కూల్చినట్టవుతుంది. ప్రభుత్వాన్ని దించే శక్తి ఉన్న సభే దానికి కాపలా కాయాల్సి వస్తుంది.

భారతదేశంలో ఈ చిక్కును చట్టమే మరింత బిగించింది. ఫిరాయింపుల బెడదను అరికట్టడానికి 1985లో 52వ సవరణతో పదో షెడ్యూలు వచ్చింది. పార్టీ విప్‌ను ధిక్కరించి ఓటేస్తే సభ్యత్వం పోతుంది. మూడింట ఒక వంతు చీలితే సరిపోతుందన్న మినహాయింపును 2003లో 91వ సవరణ తీసేసింది, మూడింట రెండు వంతులతో విలీనమయ్యే వీలు మాత్రం మిగిలింది. ఉద్దేశం మంచిదే. ఫలితంగా మాత్రం సభ్యుడి ఓటు సభ్యుడిది కాకుండా పోయింది. విశ్వాస పరీక్షకే కాక మామూలు బిల్లుకు కూడా విప్ జారీ చేయగలిగినప్పుడు అంబేద్కర్ చెప్పిన రోజువారీ తూకంలో ఒక పళ్లెం ముందే కట్టేసినట్టవుతుంది. పోనీ ఫిరాయింపులైనా ఆగాయా అంటే అదీ లేదు, గుంపుగా సాగుతున్నాయి. 2019 జూన్‌లో తెలంగాణలో 18 మంది కాంగ్రెస్ శాసనసభ్యుల్లో 12 మంది ఒక్కసారిగా తెరాసలో విలీనమయ్యారు. లెక్క సరిగ్గా మూడింట రెండు వంతులు. విశ్వాస, అవిశ్వాస తీర్మానాలకూ ద్రవ్య బిల్లులకూ మాత్రమే విప్‌ను పరిమితం చేయాలన్న సూచన చాలాకాలంగా ఉంది. పార్లమెంటరీ విధానాన్ని నిలబెట్టుకోవాలనుకునే దేశం మొదట చేయాల్సిన మరమ్మతు అదే.

సభ విశ్వాసం మీద నడిచే ప్రభుత్వానికి ఎన్ని రకాల గండాలు వస్తాయో తెలుగువాళ్లకు పుస్తకాలు చెప్పనక్కర్లేదు. 1984 ఆగస్టు 16న గవర్నర్ రామ్‌లాల్, ముఖ్యమంత్రి ఎన్.టి. రామారావు తన బలాన్ని సభలో చూపించుకునే అవకాశమే ఇవ్వకుండా ప్రభుత్వాన్ని బర్తరఫ్ చేసి నాదెండ్ల భాస్కరరావుతో ప్రమాణం చేయించాడు. రామారావు తన శాసనసభ్యుల్ని వెంటబెట్టుకుని ఢిల్లీ వెళ్లి రాష్ట్రపతి ముందు నిలబెట్టాడు. నెల తిరిగేసరికి, సెప్టెంబరు 16న, తిరిగి ముఖ్యమంత్రి అయ్యాడు. బలం తేలాల్సింది రాజ్‌భవన్‌లో కాదు సభలోనే అని 1994లో బొమ్మై కేసులో సుప్రీంకోర్టు తేల్చేటప్పటికి దేశం ఇలాంటి అనుభవాలు చాలా చూసింది. 1995లో జరిగినది మరో రకం. ఆ ముందు డిసెంబరులో రామారావు నాయకత్వంలో తెలుగుదేశం 216 స్థానాలు గెలిచింది. తొమ్మిది నెలలు కాకముందే శాసనసభా పక్షంలో ఎక్కువమంది చంద్రబాబునాయుడి వైపు వెళ్లారు, సెప్టెంబరు 1న ఆయన ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశాడు. జనం ఓటేసింది రామారావును చూసి కదా అన్నది ఒక వాదన. రాజ్యాంగం ప్రకారం ముఖ్యమంత్రిని ఎన్నుకునేది శాసనసభ్యులే కదా అన్నది ఇంకో వాదన. పార్లమెంటరీ విధానం రెండోదాన్నే గుర్తిస్తుంది. అధ్యక్ష విధానంలోనైతే ఈ మార్పు ఇలా జరిగేదే కాదు. అక్కడ అధ్యక్షుడికి జనంతో నేరుగా బంధం ఉంది, పార్టీ సభ్యులు దాన్ని తెంచలేరు.

ఒక్క ఓటుకు అంత బరువుంటే దానికి వెల కూడా కడతారు. 1993 జులైలో పి.వి. ప్రభుత్వం మీద అవిశ్వాస తీర్మానం 251–265తో వీగిపోయింది. ఆ ఓట్లలో కొన్నింటికి లంచాలు ముట్టాయన్న కేసు ఏళ్లతరబడి నడిచింది. 2000లో కింది కోర్టు శిక్ష వేసినా 2002లో ఢిల్లీ హైకోర్టు పి.వి.ని నిర్దోషిగా తేల్చింది. లంచం తీసుకుని సభలో ఓటేసిన సభ్యుడికి రాజ్యాంగ రక్షణ ఉంటుందని ఆ కేసులోనే 1998లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును 2024లో సీతా సోరెన్ కేసులో ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం కొట్టేసింది. 1999 ఓటింగులో ఇంకో తీరు మెలిక కనిపిస్తుంది. అప్పటికే ఒడిశా ముఖ్యమంత్రి అయినా లోక్‌సభ సభ్యత్వం వదులుకోని గిరిధర్ గమాంగ్ ఓటేయవచ్చా అన్న ప్రశ్న వచ్చింది. అమలాపురం సభ్యుడైన స్పీకర్ జి.ఎం.సి. బాలయోగి ఆ నిర్ణయాన్ని గమాంగ్ మనస్సాక్షికే వదిలేశాడు. గమాంగ్ ఓటేశాడు, ప్రభుత్వం ఒక్క ఓటుతో పడిపోయింది. అయినా దేశం ఆగిపోలేదు. ఆపద్ధర్మ ప్రభుత్వంగానే వాజపేయి మంత్రివర్గం ఆ వేసవిలో కార్గిల్ యుద్ధం నడిపింది. సంఖ్యాబలం లేని పి.వి. ప్రభుత్వం అయిదేళ్లూ నిండుగా ఉండి ఆర్థిక వ్యవస్థ దిశనే మార్చింది. పార్లమెంటరీ విధానమంటే అస్థిరత అని ఒక్క ముక్కలో తేల్చేసే వ్యాసాలు ఈ రెండింటికీ జవాబు చెప్పలేవు.

స్థిరత్వం అన్న మాటనే కాస్త విడదీసి చూడాలి. పదవిలో మనిషి మారకపోవడం ఒక స్థిరత్వం, పాలన సాగిపోవడం ఇంకో స్థిరత్వం. అధ్యక్ష విధానం మొదటిదాన్ని పూచీపడి ఇస్తుంది, రెండోదానికి పూచీ లేదు. బడ్జెట్‌నే తీసుకుంటే, భారతదేశంలో లోక్‌సభ బడ్జెట్‌ను తిరస్కరిస్తే ప్రభుత్వం రాజీనామా చేస్తుంది. కొత్త ప్రభుత్వమో కొత్త ఎన్నికలో వస్తాయి, పేచీ తెగిపోతుంది. అమెరికాలో కాంగ్రెస్‌కూ అధ్యక్షుడికీ డబ్బు దగ్గర పొత్తు కుదరకపోతే ఎవరూ దిగరు, కార్యాలయాలకు తాళాలు పడతాయి. సరిహద్దు గోడ ఖర్చు మీద 2018 డిసెంబరు 22 నుంచి 2019 జనవరి 25 వరకు 35 రోజులు, వేరే పేచీ మీద 2025లో అక్టోబరు 1 నుంచి 43 రోజులు అలాగే జరిగింది. విమానాశ్రయాల్లో తనిఖీ సిబ్బంది జీతం లేకుండా పనిచేశారు. కాంగ్రెస్, అధ్యక్షుడు ఇద్దరూ జనం ఎన్నుకున్నవాళ్లే, ఇద్దరికీ గడువుంది, మధ్యలో తీర్పు చెప్పేవాళ్లు లేరు.

అదే అధ్యక్షుడు సొంత అధికారం ఉన్నచోట ఎంత వేగంగా కదలగలడో 2025 సెప్టెంబరు 19న వేలాది తెలుగు కుటుంబాలకు తెలిసొచ్చింది. కొత్త హెచ్-1బీ వీసా దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము విధిస్తూ డొనాల్డ్ ట్రంప్ ఒక ప్రకటన మీద సంతకం చేశాడు. మంత్రివర్గంతో తీర్మానం చేయించనక్కర్లేదు, సభలో చర్చ పెట్టనక్కర్లేదు. దాన్ని ఆపాలనుకున్నవాళ్లు కోర్టుల తలుపు తట్టారు. భారతదేశంలో ఆర్డినెన్సు దారి ఉన్నా, దానికి మంత్రివర్గ నిర్ణయం కావాలి, పార్లమెంటు సమావేశమైన ఆరు వారాల్లో ఆమోదం పొందకపోతే అది చెల్లదు.

ఈ రెంటిలో ఏది ప్రజాస్వామ్యాన్ని ఎక్కువకాలం నిలుపుతుందన్నది పండితుల మధ్య నడిచిన పెద్ద వాదం. 1990లో హువాన్ లింజ్ అధ్యక్ష విధానం ప్రమాదకరమని వాదించాడు. అధ్యక్షుడికీ చట్టసభకూ విడివిడిగా జనామోదం ఉండటం, గడువు గట్టిబడి కదలకపోవడం, గెలిచినవాడికి మొత్తం దక్కి ఓడినవాడికి ఏమీ మిగలకపోవడం ఆయన చూపిన మూడు లోపాలు. చిలీ ఇందుకు ఉదాహరణగా కనిపిస్తుంది. 1970లో సాల్వడార్ అయెందే 36 శాతం పైచిలుకు ఓట్లతో అధ్యక్షుడయ్యాడు. చట్టసభలో మెజారిటీ ఆయనకు ఎదురు నిలిచింది, ఆయనను దించే బలం మాత్రం దానికి లేదు. రాజ్యాంగంలో దారి దొరకని ఆ పోరు 1973 సెప్టెంబరు 11న సైనిక కుట్రతో ముగిసింది. స్కాట్ మెయిన్‌వేరింగ్ ఈ వాదనను కొంత సవరించాడు, అధ్యక్ష విధానం బహుళ పార్టీ వ్యవస్థతో జతపడినప్పుడే ఎక్కువ ఇబ్బంది అన్నాడు. జోసే ఆంతోనియో చైబుబ్ 2007లో మరో మాట చెప్పాడు. లాటిన్ అమెరికాలో ప్రజాస్వామ్యాలు కూలింది విధానం వల్ల కాదు, సైన్యం రాజకీయాల్లో అలవాటుపడిన దేశాలే అధ్యక్ష విధానం తీసుకోవడం వల్ల అన్నాడు. ఈ మాటలో బరువుంది. సైన్యం అలవాటు మార్చుకోకపోతే పార్లమెంటరీ విధానం ఒక్కటే కాపాడలేదనడానికి పాకిస్థాన్ చరిత్ర ఉండనే ఉంది.

దక్షిణ కొరియా ఈ వాదంలో కొత్త పేజీ. 2024 డిసెంబరు 3 రాత్రి అధ్యక్షుడు యూన్ సుక్ యోల్ సైనిక శాసనం ప్రకటించాడు. చట్టసభలో మెజారిటీ ప్రతిపక్షానిది, ఆయన బడ్జెట్‌ను అది కోస్తూ వచ్చింది. లింజ్ చెప్పిన బిగింపు సరిగ్గా అదే. కానీ ఆ రాత్రే సైనికులు చుట్టుముట్టిన భవనంలోకి సభ్యులు గోడలు దూకి వెళ్లారు. హాజరైన 190 మందీ ఏకగ్రీవంగా సైనిక శాసనాన్ని ఎత్తేయాలని ఓటేశారు. డిసెంబరు 14న 204 ఓట్లతో అభిశంసన నెగ్గింది, 2025 ఏప్రిల్ 4న రాజ్యాంగ న్యాయస్థానం ఆయనను తొలగించింది. అమెరికాలో ముగ్గురు అధ్యక్షుల మీద నాలుగుసార్లు అభిశంసన విచారణ జరిగినా ఒక్కరూ పదవి కోల్పోలేదు. నిక్సన్ 1974లో అది రాకముందే తప్పుకున్నాడు. అదే ఆయుధం కొరియాలో పనిచేసింది.

శ్రీలంకది బాధాకరమైన పాఠం. 1978 రాజ్యాంగంతో జె.ఆర్. జయవర్ధనే బలమైన అధ్యక్ష పదవిని తెచ్చాడు. తర్వాతి పాలకులు దాన్ని రద్దు చేస్తామని మాటిస్తూనే గద్దెనెక్కారు. 2015లో 19వ సవరణ అధికారాలు కోసింది, 2020లో 20వది తిరిగి ఇచ్చింది, 2022లో 21వది మళ్లీ కోసింది. 2022 సంక్షోభంలో పెట్రోలు, వంటగ్యాసు, మందులు దొరక్క జనం వీధిన పడితే ప్రధాని మే 9న రాజీనామా చేశాడు. అధ్యక్షుడు గోటాబయ రాజపక్స మాత్రం, జనం ఆయన నివాసంలోకి చొరబడి, ఆయన దేశం దాటిపోయాక, జులై 14న సింగపూర్ నుంచి రాజీనామా పంపాడు. సభ విశ్వాసం మీద ఆధారపడ్డ పదవైతే ఆ రెండు నెలల జాప్యం ఉండేది కాదు. బంగ్లాదేశ్ 1975లో అధ్యక్ష విధానానికి మారి 1991లో వెనక్కి వచ్చింది. తుర్కియే 2017లో 51 శాతం పైచిలుకు ఓట్ల రిఫరెండంతో పార్లమెంటరీ విధానాన్ని వదిలేసింది.

రెండింటినీ కలిపి మేలైనది చేయాలన్న ప్రయత్నాలూ ఉన్నాయి. జర్మనీ చేసినది వాటిలో తెలివైనది. అక్కడ ఛాన్సలర్‌ను దించాలంటే సభ అదే ఓటుతో వారసుణ్ని కూడా ఎన్నుకోవాలి. 1982 అక్టోబరు 1న హెల్ముట్ ష్మిట్ దిగడమూ హెల్ముట్ కోల్ రావడమూ ఒకే ఓటింగులో జరిగాయి. కూల్చడానికి ఏకమై, కట్టడానికి ఏకం కాలేని మెజారిటీలకు ఇది విరుగుడు. 1999 ఏప్రిల్‌లో భారతదేశంలో ఈ నియమం ఉండి ఉంటే వాజపేయి ప్రభుత్వం పడేది కాదు, ఎందుకంటే కూల్చినవాళ్లు ప్రత్యామ్నాయం చూపలేకపోయారు. ఫ్రాన్స్‌లో నేరుగా ఎన్నికైన అధ్యక్షుడూ, సభకు జవాబుదారీ అయిన ప్రధానీ ఇద్దరూ ఉంటారు. 2024 డిసెంబరులో మిషెల్ బార్నియే ప్రభుత్వం 331 ఓట్ల అవిశ్వాసంతో పడినా అధ్యక్షుడు మాక్రాన్ పదవికి ఏమీ కాలేదు. ఇజ్రాయెల్ ప్రధానిని నేరుగా జనంతో ఎన్నిక చేయించి చూసింది. 1996, 1999, 2001లో అలా జరిగింది. జనం ప్రధానికి ఒక ఓటు, తమకు నచ్చిన చిన్న పార్టీకి ఇంకో ఓటు వేయడంతో సభ మరిన్ని ముక్కలైంది, 2001లోనే ఆ చట్టాన్ని రద్దు చేసుకున్నారు.

భారతదేశంలో అధ్యక్ష విధానం కావాలన్న మాట అప్పుడప్పుడూ లేస్తూనే ఉంది. రాజ్యాంగ సభలో కె.టి. షా అధికారాల వేర్పాటు కోసం వాదించి ఓడాడు. దేశానికి అలవాటైన పద్ధతిని వదులుకోవద్దన్న కె.ఎం. మున్షీ వాదన నెగ్గింది. అత్యవసర పరిస్థితి రోజుల్లో ఆ మాట మళ్లీ వచ్చినప్పుడు, 1976లో స్వరణ్ సింగ్ కమిటీ పార్లమెంటరీ విధానమే తగినదంది. అత్యవసర పరిస్థితిని అనుభవించిన దేశం, ఒకరి చేతిలో అధికారం పోగుపడే పద్ధతిని అనుమానించడం సహజం. ఇంతటి వైవిధ్యం ఉన్న సమాజంలో ఒక్క కుర్చీ కోసం పోటీ పెడితే ఏదో ఒక ప్రాంతం, మతం, భాష శాశ్వతంగా ఓడినట్టు భావించే ప్రమాదముంది. మంత్రివర్గంలో మాత్రం చాలామందికి చోటు దొరుకుతుంది. రాష్ట్రాల స్థాయిలో ముఖ్యమంత్రిని నేరుగా ఎన్నుకోవాలన్న లోక్‌సత్తా వ్యవస్థాపకుడు జయప్రకాశ్ నారాయణ్ వాదన దీనికంటే ఆలోచించదగింది. శాసనసభ్యులు ప్రభుత్వాన్ని నిలబెట్టే పని మాని చట్టాలు చేసే పనికి రావాలన్నది దాని మూలం. జమిలి ఎన్నికల కోసం 2024 డిసెంబరులో ప్రవేశపెట్టిన 129వ సవరణ బిల్లు వేరే తోవలో గడువు వైపు మొగ్గుతోంది. సభ మధ్యలో రద్దయితే కొత్త సభ మిగిలిన కాలానికే ఉంటుందని అందులో ఉంది.

రెండు విధానాలూ పక్కపక్కనే పనిచేయడం చూడాలంటే తెలుగు రాష్ట్రాల్లో పల్లె దాటి పోనక్కర్లేదు. సర్పంచిని ఊరంతా నేరుగా ఎన్నుకుంటుంది, వార్డు సభ్యులు అవిశ్వాసం పెట్టి దించలేరు. మండల పరిషత్ అధ్యక్షుణ్ని ఎంపీటీసీ సభ్యులు తమలోంచి చేతులెత్తి ఎన్నుకుంటారు, అవిశ్వాసంతో దించగలరు కూడా. అందుకే ఎంపీపీ ఎన్నిక వచ్చిందంటే సభ్యుల్ని బస్సులెక్కించి క్యాంపులకు తరలిస్తారు, సర్పంచి ఎన్నిక అయ్యాక ఆ అవసరం రాదు. హైదరాబాద్ మేయర్‌ను 2002లో నగర ఓటర్లు నేరుగా ఎన్నుకున్నారు, 2009 నాటికి ఆ ఎన్నిక కార్పొరేటర్ల చేతికి వచ్చింది. 2018 తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం సర్పంచికీ, వార్డు సభ్యులు ఎన్నుకునే ఉపసర్పంచికీ కలిపి చెక్ పవర్ ఇచ్చింది. ఒకరు ఊరి ఓటుతో వచ్చారు, ఇంకొకరు సభ్యుల ఓటుతో వచ్చారు. ఇద్దరికీ పడనిచోట రెండో సంతకం కోసం బిల్లు పంచాయతీ కార్యాలయంలో ఆగిపోతుంది, మోరీలు తీసిన కార్మికుడి జీతం, వీధిదీపాల ఖర్చు ఆ సంతకం పడేదాకా అలాగే ఉంటాయి.